నేను మొక్కని మొక్కు

ఆదివారం తెల్లవారుజామున నేను పరుగుకు వెళ్ళాలంటే, శనివారం సాయంత్రమే ఈ ఇల్లు నన్ను విడుదల చేయాలి. ఇడ్లీ పిండి రుబ్బి పెట్టాలి. చట్నీకి పల్లీలు వేయించి పొట్టు తీయాలి. మా ఆయన పరగడుపున వేసుకోవలసిన మాత్రలు ఒక గిన్నెలో, తిన్న తరువాత వేసుకోవలసినవి మరొక గిన్నెలో వేసి, మూతలు పెట్టి, రెండింటినీ ఆయన కుర్చీ పక్కనే ఉంచాలి. మూత తీయడం ఆయనకు వచ్చు. గిన్నె ఎక్కడుందో వెతకడం నలభై ఏళ్ళుగా రాలేదు. ఇన్నీ అమర్చి, తలుపు దగ్గర కూర్చుని బూట్లు తొడుక్కుంటూ ఉంటే పక్క గదిలోంచి మా ఆయన సోమేశ్వర్ గారి గొంతు వినిపిస్తుంది. ప్రతి ఆదివారమూ అదే మాట.

"తిరిగి తిరిగి మళ్ల ఇంటికే వస్తవు గద అరుణా. ఇగ పోవుడెందుకు?"

ఆ ప్రశ్నకు నేను ఎన్నడూ జవాబు చెప్పలేదు. అది ప్రశ్న కాదని నాకు తెలుసు. జవాబు చెప్పి ఉంటే తరువాత జరిగినదంతా జరిగేది కాదేమో అని కొందరు అంటున్నారు. నేను అలా అనుకోను. ఆయనకు కావలసిన జవాబు అప్పటికే ఆయన దగ్గర ఉంది. దాన్ని బజారంతా పంచిపెట్టారు కూడా. ఆ సంగతి నాకొక్కదానికే తెలియదు.

మాది పటాన్‌చెరు బజారులో పప్పుల దుకాణం. పెళ్ళయి వచ్చిన మరుసటి వారం నుంచే దుకాణం వెనక గదిలో కందిపప్పు చెరిగాను, రాళ్ళు ఏరాను, గుమాస్తాలకు వండి పెట్టాను, అత్తగారి పక్షవాతానికి ఆరేళ్ళు చాకిరీ చేశాను. దుకాణం బోర్డు మీద మామగారి పేరు ఉంది, మా ఆయన పేరు ఉంది, ఇప్పుడు మా అబ్బాయి నిఖిలేష్ పేరు కూడా వచ్చింది. పప్పులో రాళ్ళు ఏరిన మనిషి పేరు బోర్డు మీద రాయించే ఆచారం మా వర్తకులలో లేదు. నేను సికింద్రాబాదులో సన్యాసినుల కాన్వెంటులో చదువుకున్నాను. ప్రశ్న అడిగితే లేచి నిలబడి పూర్తి వాక్యంలో జవాబు చెప్పాలని మా సిస్టర్ ఆగ్నెస్ నేర్పింది. ఈ ఇంట్లో నన్ను పూర్తి వాక్యం అవసరమయ్యే ప్రశ్న ఎవరూ అడగలేదు. "ఉప్పుందా?" "అమ్మ తిన్నదా?" "బట్టలెక్కడ?" వీటికి ఒక్క మాట చాలు.

మొన్నటి చలికాలంలో ఆయన గుండెకు స్టెంటు వేశారు. ఆసుపత్రి నడవలో ఇనుప కుర్చీలో నేను కూర్చుని ఉంటే, చూడవచ్చిన బంధువులు ఒక్కొక్కరూ వంగి నా చెవి దగ్గర ఒకే మాట అడిగారు. "ఏం మొక్కుకున్నవు?" ఆయనకు ఎలా ఉందని తరువాత అడిగారు. ఆ కుర్చీలో కూర్చుని నా మొక్కులన్నీ తలచుకున్నాను. శనివారం ఉపవాసం ఆయన కోసం. గురువారం ఒంటిపూట నిఖిలేష్ చదువు కోసం, ఆ చదువు ముగిసి పదిహేనేళ్ళయినా అది ముగియలేదు. కార్తీక సోమవారాలు వంశం కోసం. శ్రావణ శుక్రవారాలు ఇంటి కోసం. నా ఆకలి కూడా నాది కాదన్న సంగతి అరవై రెండవ ఏట, మందుల వాసన మధ్య, నాకు మొదటిసారి తట్టింది. తిన్నది అందరూ తినగా మిగిలినది. తినకపోయినది అందరి కోసం. మరి నేను, కేవలం నేను, ఎవరి పేరూ తగిలించకుండా చేసిన పని ఈ భూమి మీద ఒక్కటైనా ఉందా?

లేదు. అందుకే ఒకటి పెట్టుకున్నాను. ఏడాది పాటు, ప్రతి ఆదివారం, వానైనా చలైనా, దూరపు పరుగు. కాన్వెంటు మైదానంలో పరుగెత్తిన కాళ్ళివి. పూర్తిగా మరిచిపోయి ఉండవనుకున్నాను. మరిచిపోయాయి. మొదటి నెలలో బజారు దాటేసరికే డొక్కలో పోటు వచ్చేది. తరువాత ఇంద్రేశం చౌరస్తా దాకా పోయాను. ఎండలు ముదిరేసరికి ఇంద్రేశం దాటి, కొత్త వెంచర్ల కమానుల కింద నుంచి, హద్దురాళ్ళు తప్ప ఏ పంటా లేని పొలాల మధ్య నుంచి పోయి రావడం అలవాటైంది. కొన్ని వారాలు కాజీపల్లి వైపు పోయేదాన్ని. రాత్రి పని ముగించుకుని కంపెనీ బస్సుల్లో వచ్చే ఒరియా పిల్లలు కిటికీలకు తలలు ఆనించి నిద్రపోతూ కనిపించేవారు. మందుల కంపెనీల పొగ కలిసిన ఆ గాలికి నోరు చేదెక్కేది. అయినా మానలేదు. జ్వరం వచ్చిన ఆదివారం కూడా నడిచి, పరుగెత్తి, మళ్ళీ నడిచి, దూరం పూర్తి చేశాను. ఎందుకు? దేనికీ కాదు. ఆ దేనికీ కానితనమే నా ఆస్తి. నాకు ఇన్నేళ్ళలో దక్కిన ఒకే ఒక్క ఆస్తి.

దారిలో జనం నన్ను గౌరవించసాగారు. ముందు నవ్విన వారే ఎండాకాలం వచ్చేసరికి దండాలు పెట్టారు. ఇంద్రేశం చౌరస్తాలో చాయ్ బండి ఐలన్న నీళ్ళ సీసా ఇచ్చి డబ్బు తీసుకునేవాడు కాదు. ఒకనాడు ఒక ఇంటి ముందు నలుగురు ఆడవాళ్ళు బిందెలతో ఎదురొచ్చి నా బూట్ల మీద నీళ్ళు పోశారు. నీళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయి. ఎండకు కాళ్ళు చల్లబడాలని పోశారు కాబోలు, బిందె తోమలేదేమో అనుకున్నాను. తడి బూట్లతో పరుగు కష్టమైంది కాని, వారి మంచితనానికి మనసు నిండింది. ఈ ఊళ్ళు ఎంత మారాయి, వయసు మళ్ళిన ఆడదాని పట్టుదలను ఎంత బాగా అర్థం చేసుకున్నాయి అని ఇంటికి వచ్చి కోడలు యామినితో చెప్పాను. యామిని నగరంలో ఉద్యోగం చేస్తుంది. ఆదివారం ఒక్కటే ఆ పిల్లకు ఆలస్యంగా లేచే పొద్దు. అందుకే నా పని ఆమె మీద వదిలి వెళ్ళను. నా మాట విని యామిని మొహం తిప్పుకుని, "అవునత్తయ్యా" అని ఊరుకుంది.

దసరా దాటాక ఒక ఆదివారం ఇంద్రేశం దగ్గర నా వెనక అడుగుల చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే ఒక పిల్ల. పాతికేళ్ళు ఉంటాయి. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, కొంగు నడుముకు చుట్టి, కాస్త ఉరికి, కాస్త నడిచి, మళ్ళీ ఉరుకుతూ వస్తోంది. పలకరిస్తే ఆగిపోయి తల దించుకుంది. మరుసటి వారం మళ్ళీ వచ్చింది. ఆ మరుసటి వారం కూడా. నేను మలుపు తిరిగితే తిరిగేది, ఆగితే దూరంగా ఆగేది. నా సంతోషం ఇంతా అంతా కాదు. నన్ను చూసి ఒక పిల్ల ఇల్లు దాటి వచ్చిందనుకున్నాను. ఆమె కోసం కావాలనే వేగం తగ్గించేదాన్ని.

నాలుగవ ఆదివారం ఆమె కుంటుతోంది. నేను ఆగి, వెనక్కు నడిచి, ఆమె ముందు నిలబడ్డాను. కొత్త రోడ్డుకు పరిచిన కంకర మీద ఆమె ఉత్త కాళ్ళతో నిలబడి ఉంది. ఎడమ మడమ చీలి ఉంది. బొటనవేలి గోరు సగం లేదు. పాదాల అంచుల్లో కట్టిన పొక్కులు కొన్ని పగిలి, వాటి మీద మట్టి అంటుకుని ఉంది. ఇన్ని వారాలు మొహం చూసి మురిసిపోయాను కాని, కాళ్ళ వైపు చూడలేదు.

చెప్పులు లేకుండా ఎందుకు వస్తున్నావని అడిగాను. మా ఇంట్లో బూట్లున్నాయి, ఇస్తానన్నాను.

"వద్దమ్మా. మొక్కుల చెప్పులేస్కోవద్దని మా అత్త అన్నది. మీరంటె పెద్దోళ్లు, మీకు నడుస్తది."

"ఏ మొక్కు?"

ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. "మీరు మొక్కిందే అమ్మా. సేటు గుండె మంచిగుండాలని ఏడాది ఉరుకుత అని మొక్కిన్రు గద. సేటుకు మంచిగైంది. మా ఆయనకు కిడ్నీలు ఖరాబైనయి. గందుకే మా అత్త నన్ను గూడ ఉరుకుమన్నది."

ఆమె పేరు భవాని. కాజీపల్లి వైపు ఒక మందుల కంపెనీలో డబ్బాలకు కాగితాలు అంటించే పని. వారానికి ఆరు రోజులు అది. ఆదివారం ఇది. ఇవన్నీ ఆమె చెబుతూనే ఉంది. నాకు మాటలు వినబడుతున్నాయి కాని లోపలికి పోవడం లేదు. ఐలన్న ఎందుకు డబ్బు తీసుకోలేదో, జనం ఎందుకు దండాలు పెట్టారో, ఆ బిందెల నీళ్ళు ఎందుకు పచ్చగా ఉన్నాయో, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. అమ్మవారికి బోనమెత్తిన వారి కాళ్ళ మీద పసుపునీళ్ళు పోసి మొక్కినట్టు నా కాళ్ళ మీద పోశారు. ఈ నేల మీద నలభై ఏళ్ళుగా ఉన్నాను. బజారు వాకిట్లోంచి ఎన్ని బోనాలు చూశాను. అయినా ఆ నీళ్ళు నా పట్టుదలకే పోశారనుకున్నాను. ఏడాదిగా జనం దండం పెట్టినది నాకు కాదు. నా పసుపుకుంకుమలకు.

ఆ రోజు దూరం పూర్తి చేయలేదు. భవానిని ఆటో ఎక్కించి, నేను నడిచి ఇంటికి వచ్చాను. ఆయన ఇడ్లీ తింటున్నారు. నేను బూట్లు విప్పకుండానే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. ఇంట్లో బూట్లతో తిరగడమేమిటి అన్నారు. నేను మొక్కుకున్నానని ఎవరు చెప్పారని అడిగాను.

చట్నీ నంజుకుని తీరిగ్గా చెప్పారాయన. "నేనే చెప్పిన. ఏమాయె గిప్పుడు?"

తప్పు చేసిన మనిషి తడబడతాడని, కనీసం చూపు తిప్పుకుంటాడని నేను ఇన్నేళ్ళూ నమ్మాను. ఆయన మరో ఇడ్లీ వేసుకున్నారు.

"మరేం చెప్పాలె? ఒక్కొక్కడు దుకాణం ముంగట నిలబడి అడుగుతుండె. సేటూ, మీ ఇంటామె బూట్లేస్కొని రోడ్ల మీద ఉరుకుతున్నది, ఇంట్ల ఏమన్న లొల్లా అని. ఒకడైతే దవాఖానల సూపియ్యరాదు అన్నడు. మొక్కు అని చెప్పిన. అందరి నోర్లు మూతబడ్డయ్. నీ ఇజ్జత్ కాపాడిన నేను."

"నేను మీ కోసం పరుగెత్తలేదు."

"ఎవ్వరి కోసం ఉరికితేంది? నీ కాళ్లేమన్న అరిగినయా?" అని నవ్వారు. ఆ నవ్వులో కపటం లేదు. అదే నన్ను భయపెట్టింది. ఆయన ఎప్పుడో అబద్ధం చెప్పి, తరువాత దాన్ని నమ్మేశారు. నేను ప్రతి ఆదివారం తన కోసమే ఊపిరి ఎగబీలుస్తున్నానని, తన గుండె ఆ పరుగు వల్లనే సరిగ్గా కొట్టుకుంటోందని నమ్మి, రోజూ రాత్రి హాయిగా నిద్రపోయారు. నమ్మీ, ఇగ పోవుడెందుకని ఎగతాళి చేశారు.

ఆ పిల్ల కాళ్ళ గురించి చెప్పాను. ఆయన కాసేపు తినడం ఆపారు. "పాపం" అన్నారు. ఒక బస్తా బియ్యం పంపిద్దామన్నారు. తరువాత, ఏడాది పూర్తయ్యే ఆదివారం నాడు వర్తక సంఘం హాలులో నాకు సన్మానం పెట్టారని, పరుగు అక్కడే ముగించాలని, వేదిక మీద పళ్ళెంలో తన కాళ్ళు కడిగి మొక్కు చెల్లించడం కార్యక్రమంలో ముఖ్యభాగమని చెప్పారు. ఫ్లెక్సీలు నిఖిలేష్ అచ్చు వేయిస్తున్నాడట. మన దుకాణానికి కూడా పేరొస్తుందన్నాడట.

వంటింట్లోకి వెళితే యామిని ఏడుస్తోంది. నీకు తెలుసా అని అడిగాను. మొదటి నుంచీ తెలుసు అంది.

"చెప్తే మీరు ఆపేస్తారనుకున్న అత్తయ్యా. లేకుంటే మామయ్య ఆపిస్తరు. మొక్కు అన్నందుకే మిమ్మల్ని పోనిచ్చిన్రు. లేకుంటే మొదటి నెలలనే బూట్లు దాచిపెడుతుండె."

నేను స్టవ్ గట్టు పట్టుకుని నిలబడ్డాను. నాది అనుకున్న ఆ ఒక్క దారి కూడా ఆయన పేరు మీద తెరిచినదే. ఆయన అబద్ధం నన్ను రోడ్డు మీదికి పంపిన అనుమతిపత్రం. అది లేకుండా నేను ఇంద్రేశం చూసేదాన్ని కాదు. ఈ సంగతి ఆ అబద్ధం కంటే ఎక్కువగా నన్ను దిగ్భ్రాంతిలో ముంచింది. యామిని కుర్చీ తెచ్చి వేసింది. కూర్చోలేదు.

నా సంగతి తరువాత చూసుకోవచ్చు. ఆ కాళ్ళ సంగతి ఆగదు. మరునాడు సాయంత్రం ఇంద్రేశంలో భవాని ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. కొత్త అపార్టుమెంట్ల గోడకు ఆనుకుని పాత ఊరి చివర ఉంది. వాకిట్లో మంచం మీద భవాని భర్త నర్సింగ్ పడుకుని ఉన్నాడు. మొహం ఉబ్బి, చేతి మీద సూదుల గుర్తులు. నన్ను చూసి లేవబోయాడు, వద్దన్నాను. భవాని అత్త ముత్యమ్మ చేటలో బియ్యం పక్కన పెట్టి పరుగున వచ్చి నా కాళ్ళ మీద పడింది. ఒకప్పుడు ఆమె ఆ చుట్టుపక్కల పొలాల్లో నాట్లు వేసేది. ఇప్పుడు అదే నేల మీద లేచిన విల్లాల్లో గడ్డి కత్తిరిస్తోంది. ఆమెను లేపి, ఎదురుగా కూర్చోబెట్టి, పూర్తి వాక్యాల్లో చెప్పాను. నేను ఏ మొక్కూ మొక్కలేదు. మా ఆయనకు బాగైంది స్టెంటు వల్ల, మాత్రల వల్ల. నా పరుగుకూ ఆయన గుండెకూ సంబంధం లేదు. నీ కోడలిని ఆపు.

ముత్యమ్మ అంతా విని, చెయ్యి అడ్డం పెట్టుకుని రహస్యంగా నవ్వింది. "నాకెరుక సేటమ్మా. మొక్కు బయటికి జెప్పుకుంటె ఫలం పోతది. గందుకే లేదంటున్నవు."

మళ్ళీ చెప్పాను. దేవుడి మీద ఒట్టు వేశాను. నేను ఎంత కాదంటే ఆమెకు నా మొక్కు అంత గట్టిదైంది. మంచి మొక్కు మొక్కిన మనిషి దాన్ని దాస్తుంది. కాబట్టి దాచే మనిషి మొక్కే ఉంటుంది. దానికి నా కాన్వెంటు చదువు దగ్గర సమాధానం లేదు.

చివరికి కోపం వచ్చి, వేరే మొక్కే దొరకలేదా అని అడిగాను.

"ఏ మొక్కుకైన పైసల్గావాలె అమ్మా. యాటను గొయ్యాలె, పదిమందికి పెట్టాలె. ఉన్నయన్ని దవాఖానకే పాయె. దీనికైతే ఉత్త కాళ్లే గద గావాల్సింది."

"ఎవరి కాళ్ళు?"

ముత్యమ్మ తెల్లబోయి చూసింది. అంత తెలిసిన విషయం అడుగుతానని ఆమె అనుకోలేదు. "కోడలియి" అంది.

మంచం మీద నుంచి నర్సింగ్, కళ్ళు మూసుకునే, "వద్దంటె ఇంటలేరమ్మా" అన్నాడు. వాడి గొంతులో సిగ్గు ఉంది. సిగ్గుతో పాటు ఆశ కూడా ఉంది. దాన్ని తప్పు పట్టలేకపోయాను. భవాని లోపల రొట్టెలు చేస్తోంది. ఒక్కసారి కూడా బయటికి రాలేదు.

తిరిగి వచ్చేటప్పుడు చౌరస్తాలో ఫ్లెక్సీ కడుతున్నారు. నా ఫోటో ఉంది, నా పక్కన మా ఆయన ఫోటో నా కంటే పెద్దది. పతి ప్రాణం కోసం ఏడాది పరుగు అని రాసి ఉంది. ఐలన్న నిచ్చెన పట్టుకుని నిలబడి నాకు దండం పెట్టాడు. ఆ ఫ్లెక్సీ కింద నిలబడినప్పుడే నాకు లెక్క తేలింది. నా మాట ముత్యమ్మ వాకిట్లో చెల్లదు. ఎక్కడ అబద్ధానికి పూలదండ వేస్తారో అక్కడే, అందరి ముందే, అది నిజం కాదని చెప్పాలి. దాచుకునే మనిషి చేయని పని అదొక్కటే. నేను చెప్పకపోతే ఈ ఫ్లెక్సీ చూసి ఇంకెన్ని ఇళ్ళలో ఎన్ని ముత్యమ్మలు ఎన్ని కాళ్ళను రోడ్డు మీదికి పంపుతారో.

చెప్పబోతున్నానని ఆయనకు ముందు రోజే చెప్పాను. చాటుగా దెబ్బ తీయడం నాకు చేతకాదు. ఆయన మొదట నమ్మలేదు. తరువాత గొంతు తగ్గించారు. "నువ్వు నోరు తెరవకు, చాలు. మైకుల మాట్లాడేటోళ్లు వేరే ఉన్నరు." తరువాత చెయ్యి గుండె మీద వేసుకున్నారు. "నాకేమన్న అయితే? మొక్కు కాదని జెప్పినంక నాకేమన్న అయితే, లోకం నిన్నేమంటది?"

ఆ రాత్రి ఆ మాట నా మీద బరువుగా కూర్చుంది. అబద్ధం ఆయనది, దాని శాపం మాత్రం నాది. స్టెంటు వేసిన గుండె ఎప్పుడైనా ఆగవచ్చు. అది ఆగిన రోజున ఈ బజారంతా నా నోటి వైపు చూస్తుంది. మా ఆడపడుచులు, వియ్యాలవారు, బహుశా నిఖిలేష్ కూడా. అది నిజమని నాకు తెలుసు. తెలిసే తెల్లవారి బూట్లు వేసుకున్నాను.

ఆఖరి ఆదివారం భవాని నా వెనకే వచ్చింది. ఈసారి నేను పరుగెత్తలేదు, ఆమెను పరుగెత్తనివ్వలేదు. ఇద్దరం పక్కపక్కన హాలు దాకా నడిచాం. నా ఏడాది అలా, కొంత దూరం తక్కువగా ముగిసింది. దానికి నాకు విచారం లేదు. హాలు నిండా మా వర్తకులు, వారి భార్యలు, పట్టుచీరలు. వెనక వరుసల్లో ఇంద్రేశం ఆడవాళ్ళు. ముత్యమ్మ వచ్చింది. భవాని గోడ పక్క ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. వేదిక మీద ఆయన కుర్చీ, దాని ముందు ఇత్తడి పళ్ళెం, చెంబు. కెమెరా మనిషి నన్ను ఎటువైపు వంగాలో చెప్పాడు.

నేను వంగలేదు. సంఘం అధ్యక్షుడి చేతిలోంచి మైకు తీసుకున్నాను. నేను కృతజ్ఞతలు చెబుతాననుకుని అతను చిరునవ్వుతో ఇచ్చాడు.

"నేను ఏ మొక్కూ మొక్కలేదు. నా భర్త కోసం ఒక్క అడుగు కూడా పరుగెత్తలేదు. ఆయనను వైద్యులు బతికించారు. ఏడాదిపాటు నేను నా కోసమే పరుగెత్తాను. ఇది చూసి మీరు మీ కోడళ్ళను ఉరికిస్తే, ఆ పాపం నాది కాదు, మీది."

ముందు వరుసలో ఒకామె చెవులు మూసుకుంది. నిఖిలేష్ తల పట్టుకున్నాడు. మా ఆయన చెయ్యి గుండె మీదికి పోయింది. నేను చూశాను. అందరూ నన్నే చూస్తున్నారని, తన వైపు ఎవరూ చూడటం లేదని గ్రహించాక ఆ చెయ్యి నెమ్మదిగా దిగింది. ఎవరో మైకు ఆపేశారు. అప్పుడు ఒక్కసారిగా అందరూ మాట్లాడసాగారు. పిచ్చి అన్నారు, పొగరు అన్నారు, ఈ వయసులో ఇదేం పోయేకాలమన్నారు. నేను వేదిక దిగి వెనక వరుసల దాకా నడిచాను.

ముత్యమ్మ లేచి నిలబడింది. ఆ మొహంలో ఇప్పుడు రహస్యపు నవ్వు లేదు. దాచుకునే మనిషి ఇన్ని వందల మంది ముందు మొగుడి ఆయుష్షును పణంగా పెట్టి అబద్ధమాడదని ఆమెకు తెలుసు. "నిజంగనే మొక్కలేదా?" అంది. లేదన్నాను. ఆమె కుర్చీలో కూలబడింది. ఆమె ఆఖరి ఆశ నా చేతులతో నేనే తీసేశాను. దానికి న్యాయం ఎలా చేయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

భవాని నన్నే చూస్తోంది. ఆ పిల్ల ఏమంటుందో నాకు తెలుసనుకున్నాను. ఇగ నేను గూడ నా కోసమే ఉరుకుత అంటుందని, నేను ఆమె భుజం మీద చెయ్యి వేస్తానని, ఆ క్షణం కోసమే ఈ ఏడాది గడిచిందని లోలోపల ఒక గర్వం అప్పుడే తయారవుతోంది.

"అయితే అమ్మా," అంది భవాని, "ఇగ ఐతారం నేను పండుకోవచ్చునా?"

ఇన్నాళ్ళూ నేను దిగ్భ్రాంతి చెందిన వాటన్నిటికంటే పెద్దది ఆ చిన్న ప్రశ్న. ఆదివారం పూట ఆ పిల్లకు పరుగు అక్కరలేదు. నేను సాధించినది ఏదీ అక్కరలేదు.

"పండుకో" అన్నాను.

ఎప్పుడని ఆమె అడగలేదు. అక్కడే, ఆ అరుపుల మధ్య, తల గోడకు ఆనించి కళ్ళు మూసింది. కాసేపటికి నోరు కొద్దిగా తెరుచుకుంది. ముత్యమ్మ ఆమెను లేపడానికి చెయ్యి చాచి, నా వైపు చూసి, ఆ చెయ్యి వెనక్కు తీసుకుంది. వేదిక మీద నుంచి ఆయన నన్ను పేరు పెట్టి పిలుస్తున్నారు. ఇంటికి పోదామంటున్నారు. నేను భవాని పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఈ పిల్ల తనంతట తాను మేలుకునే దాకా నేను ఎక్కడికీ రానని ఆయనకు చెప్పమని, నా వెనకే వచ్చిన యామినిని పంపించాను.